బొటనవేలు జారిన చోట: 67 రోజుల గిటార్ డైరీ

## దశ 0: కొలవడానికి వీలైన ఇష్టం (1, 2 రోజులు)

నాకు ఇష్టమైన అకూస్టిక్ గిటార్ వాద్యకారుల పేర్లు ఒక నోటుపుస్తకంలో రాసుకుంటూ వచ్చాను. ఎందుకు ఇష్టమో కూడా పక్కనే రాసుకున్నాను. ఇప్పుడు తిరగేస్తే "అద్భుతం", "చేతిలో మాయ ఉంది", "ఒక్కరే వాయిస్తున్నారంటే నమ్మలేం" అన్న మాటలే కనిపించాయి. వీటితో చేతికి ఏ పనీ లేదు. అందుకే వాటన్నిటినీ కొట్టేసి, ప్రతి పేరు పక్కన చేత్తో పరీక్షించడానికి వీలైన ఒకే ఒక వాక్యం రాయాలని కూర్చున్నాను. రాయలేకపోతే ఆ పేరు పక్కకు. పందొమ్మిది పేర్లలో ఎనిమిది మిగిలాయి. పక్కన పెట్టినవారిలో ఇద్దరు మధ్యలో వాళ్లంతట వాళ్లే తిరిగొచ్చారు, ఆ సంగతి తరువాత.

పెట్టుకున్న నియమాలు:

1. వాళ్ల పాటలు వాయించను. పద్ధతి మాత్రమే తీసుకుని, నేను కట్టుకున్న 16 బార్ల (నాలుగేసి దెబ్బల ఆవర్తాల) వరస మీద పెడతాను. పాట మారితే కొలతలను పోల్చలేం.
2. ప్రతి దశకూ మొదట ఒక రికార్డింగు, చివర ఒకటి తప్పనిసరి.
3. నొప్పి వస్తే ఆపాలి. (నాలుగో దశలో ఈ నియమం తప్పాను. ఫలితం అక్కడే రాశాను.)

పనిముట్లు: స్టీలు తీగల డ్రెడ్‌నాట్ గిటారు, స్కేలు పొడవు 645 మిల్లీమీటర్లు. తీగలు ఫాస్ఫర్ బ్రాంజ్, 12 నుంచి 53 సెట్టు, అంటే ఒకటో తీగ మందం 0.012 అంగుళం, ఆరో తీగ 0.053 అంగుళం. 12వ ఫ్రెట్ (మెడ మీది అడ్డ లోహపు మెట్టు) దగ్గర తీగ ఎత్తు ఆరో తీగకు 2.6 మి.మీ., ఒకటో తీగకు 2.0 మి.మీ. సమంగా దెబ్బలు మోగించే మెట్రోనోమ్, ట్యూనర్, సన్నని సందులు కొలిచే ఫీలర్ గేజ్, అర మిల్లీమీటరు గీతలున్న స్టీలు స్కేలు, 60 సెంటీమీటర్ల దూరంలో ఫోను, ధ్వనిని తరంగంగా చూపించే సాఫ్ట్‌వేర్.

కొలిచే పద్ధతి: బార్‌కు నాలుగు దెబ్బలు, 16 బార్లకు 64. నిమిషానికి 96 దెబ్బల వేగంలో ఇవి సరిగ్గా 40 సెకన్లలో అయిపోవాలి. మెట్రోనోమ్‌ను రెండు బార్లు విని, ఆపేసి, ఆ తరువాత ఒంటరిగా వాయించాలి. మొదటి దెబ్బ మొదలైన చోటు నుంచి, 17వ బార్ మొదటి దెబ్బ దాకా కొలవాలి. మెట్రోనోమ్ మోగుతుండగా కొలిస్తే మీ లయ తెలియదు, మెట్రోనోమ్ లయే తెలుస్తుంది. ఇది చాలామంది చేసే పొరపాటు, నేనూ ఏళ్ల తరబడి చేసిందే.

తొలి కొలతలు: బొటనవేలితో బాస్ (లావు తీగల కింది స్థాయి స్వరాలు) మాత్రమే వాయిస్తే 40.2 సెకన్లు. బాస్‌తో పాటు పై తీగల మీద పాట వరస కూడా కలిపితే 43.4. అంటే 96లో బయలుదేరి సగటున 88 దగ్గర తేలాను. మూడు సెకన్లే కదా అనిపిస్తుంది. వింటే మాత్రం ఎత్తు మీదికి బండి తోస్తున్నట్టుంది. నా లయకు ఢోకా లేదని ఇన్నాళ్లూ అనుకుంటూ ఉన్నాను.

మొత్తం: 3 గంటలు, 6 రికార్డింగులు, తెగిన తీగలు 0.

## దశ 1: మిసిసిపీ జాన్ హర్ట్, ఆగని బొటనవేలు (3 నుంచి 16)

నోటుపుస్తకంలో వాక్యం: బొటనవేలు ఎవరి కోసమూ ఆగదు, మిగతా వేళ్లు నడుస్తున్న బస్సును పరుగెత్తి ఎక్కాలి.

హర్ట్ 1928లో ఓకే కంపెనీకి రికార్డులు ఇచ్చి, అవి పెద్దగా అమ్ముడుపోక, తిరిగి పొలం పనులకు వెళ్లిపోయారు. తన ఊరు అవలాన్ అని ఒక పాటలో చెప్పుకోవడం వల్ల, 1963లో ఆ పేరు పట్టుకుని వెతుక్కుంటూ వెళ్లినవారికి అక్కడే కనిపించారు. ముప్ఫై అయిదేళ్ల తరువాత చేసిన రికార్డింగుల్లోనూ బొటనవేలు అదే నిదానంతో, అదే నిలకడతో నడుస్తుంది. వేగం చూపించాలన్న తొందర ఆయన వాద్యంలో ఎక్కడా లేదు. దాక్కోవడానికి వేగం లేదు కాబట్టే అనుకరించడం కష్టం.

మొదటి వారం తప్పుడు సాధన చేశాను. రోజూ నలభై నిమిషాలు బొటనవేలితో బాస్ ఒక్కటే వాయించాను. వారం చివర బాస్ ఒక్కటే అయితే 40.1, పాట వరస కలిపితే 43.0. ఏడు రోజుల శ్రమకు 0.4 సెకను. తప్పు ఎక్కడో తొలి కొలతలోనే కనిపించి ఉండాలి: ఒంటరిగా ఉన్నప్పుడు బొటనవేలు ఎప్పుడూ తప్పు చేయలేదు. తోడు వచ్చినప్పుడే తడబడింది. తప్పు లేనిదానికి ఏడు రోజులు పాఠం చెప్పాను.

రెండో వారం మార్చినది:

1. బార్‌కు ఒకే ఒక పాట స్వరం, అదీ మొదటి దెబ్బ మీద, బాస్‌తో కలిపి గిల్లినట్టుగా. పదహారు బార్లు.
2. అదే స్వరం మొదటి, రెండో దెబ్బల నడుమ పడేలా. ఇక్కడే బొటనవేలు ఆగి చూస్తుంది. ఆగినప్పుడల్లా వేగాన్ని 60కి దించడం.
3. బార్‌కు రెండు స్వరాలు, తరువాత మూడు.
4. వాయిస్తూ నూరు నుంచి వెనక్కి, బయటికి వినిపించేలా లెక్కపెట్టడం. హర్ట్ వాయిస్తూ పాడేవారు. నేను పాడితే ఇంట్లో ఒప్పుకోరు కాబట్టి అంకెలు.

నాలుగో మెట్టు పెద్ద పరీక్ష. "తొంభై మూడు" అనగానే బొటనవేలు ఒక దెబ్బ మింగేసింది. "ఎనభై ఎనిమిది" లాంటి పొడవాటి మాట వచ్చినప్పుడల్లా మాట బరువు చేతి మీద పడుతోంది. నాలుగు రోజులకు 80లో నిలిచింది, 96లో ఇంకా లేదు.

దశ చివర: 41.2 సెకన్లు. లెక్కపెడుతూ వాయిస్తే 42.6.

ఇంకో లోపం ఈ రికార్డింగుల్లోనే బయటపడింది. బాస్ శబ్దం పాట కంటే 7 డెసిబెల్స్ ఎక్కువ. అరచేతి అంచును బ్రిడ్జికి (పలక మీద తీగలు కట్టే పట్టీకి) ఆనించి బాస్ మోతను కాస్త మూస్తే 4కు తగ్గింది. అక్కడే ఆగిపోయింది.

మొదటి రోజు నుంచి మొత్తం: 14 గంటలు, 28 రికార్డింగులు, తెగిన తీగలు 0.

## దశ 2: ఎలిజబెత్ కాటన్, తిరగబడ్డ గిటారు (17 నుంచి 22)

వాక్యం: పాటను బొటనవేలు పాడుతుంది, బాస్‌ను వేళ్లు మోస్తాయి.

కాటన్ ఎడమచేతి వాటం మనిషి. కుడిచేతి వాటానికి బిగించిన గిటారును తీగలు మార్చకుండా తిప్పి పట్టుకున్నారు. దాంతో లావు తీగలు నేలవైపు, సన్న తీగలు గడ్డం వైపు వచ్చాయి. అందరి బొటనవేలు చేసే పని ఆమె వేళ్లకు, వేళ్ల పని బొటనవేలికి పడింది. చిన్నతనంలోనే పాటలు కట్టి, మధ్యలో ఎన్నో ఏళ్లు గిటారు ముట్టక, జానపద సంగీతకారులైన సీగర్ కుటుంబం ఇంట్లో పనిచేస్తున్న కాలంలో మళ్లీ అందుకున్నారు. తొలి ఆల్బమ్ వచ్చేసరికి ఆమెకు అరవై దాటాయి. 1985లో గ్రామీ వచ్చింది.

నేను చేసిన పని చెప్పడానికి కొంచెం సిగ్గుగానే ఉంది: గిటారు తిప్పి పట్టుకున్నాను. మొదటి అయిదు నిమిషాలు ఫ్రెట్లు ఎక్కడున్నాయో తెలియలేదు. మెడ అంచున దారి చూపే చిన్న చుక్కలు లావు తీగల వైపే ఉంటాయి. తిప్పగానే అవి నేల వైపుకు పోయాయి. అంతకుముందు వాటిని ఎంతగా చూస్తున్నానో అప్పుడు తెలిసింది. ఆరు రోజుల్లో నిమిషానికి 50 దెబ్బలు దాటలేదు. మీటుతున్నది అలవాటు లేని ఎడమచేయి కాబట్టి నా సమయపు కొలతలు ఇక్కడ చెల్లవు. ఎవరూ ఈ భాగం అనుకరించనక్కర్లేదు.

అయితే ఆ వంకర రికార్డింగుల్లో ఒక అంకె నన్ను ఆపేసింది. ఏ ప్రయత్నమూ లేకుండా పాట బాస్ కంటే 4 డెసిబెల్స్ పైన ఉంది. ముందటి దశలో పది రోజులు ఎంత చూసినా కుదరనిది, తలకిందులుగా పట్టుకోగానే కుదిరింది. కారణం ఎడమచేయి కావచ్చు కదా అని అనుమానం వచ్చి, గిటారును మామూలుగా పట్టుకుని ఒకటో తీగను ఇరవై సార్లు బొటనవేలితో, ఇరవై సార్లు మధ్యవేలితో మీటి చూశాను. బొటనవేలు సగటున 5 డెసిబెల్స్ ఎక్కువ. బరువైన వేలు దేన్ని తాకితే అదే ముందుకొస్తుంది, అంతే. కాటన్ వాద్యంలో పాట అంత నిండుగా ఎందుకు వినిపిస్తుందో ఇన్నాళ్లూ గొంతులోనో, కాలంలోనో వెతుక్కున్నాను.

మామూలు పట్టుకు తెచ్చుకున్న మార్పులు:

1. బొటనవేలి గోరు పూర్తిగా తీసేశాను. బాస్‌కు చర్మం మాత్రమే తాకాలి.
2. చూపుడు, మధ్య వేళ్లకు 1.5 మి.మీ. గోరు ఉంచాను.
3. ఆ వేళ్లతో తీగను పైకి లాగడం మానేసి, పలక వైపు నొక్కి వదలడం అలవాటు చేసుకున్నాను. లాగితే తీగ పలకకు సమాంతరంగా ఊగి సన్నగా మోగుతుంది. నొక్కి వదిలితే పలకను గట్టిగా కదిలిస్తుంది.

ఇప్పుడు బాస్ పాట కంటే 1 డెసిబెల్ కింద ఉంది. సమయం 41.2. మారలేదు.

మొత్తం: 19 గంటలు, 37 రికార్డింగులు.

## దశ 3: మెర్ల్ ట్రావిస్, చెట్ అట్కిన్స్, ఒక మంచి అపార్థం (23 నుంచి 32)

ట్రావిస్ కెంటకీలోని ముహ్లెన్‌బర్గ్ కౌంటీ మనిషి, బొగ్గు గనుల ప్రాంతం. బొటనవేలు బాస్, వేలు పాట వాయించే పద్ధతికి ఆయన పేరే స్థిరపడింది గానీ, ఆయనకు అది అక్కడి వాద్యకారులు మోజ్ రేగర్, ఐక్ ఎవర్లీల దగ్గర నుంచి వచ్చింది. బొటనవేలికి తొడిగిన పిక్ (తీగ మీటే చిన్న బిళ్ల), ఒక్క చూపుడు వేలు. ఆయనకున్న సామగ్రి అంతే. చెట్ అట్కిన్స్ కుర్రతనంలో ఆయన వాద్యాన్ని రేడియోలో విన్నారు. చూసే వీలు లేదు. అంత శబ్దం ఒక్క వేలితో వస్తుందని ఊహకు రాక, ఇంకా వేళ్లు వాడుతున్నారనుకుని తాను బొటనవేలితో పాటు మరిన్ని వేళ్లతో సాధన చేశారు. తప్పుగా విన్నది ఒక సొంత పద్ధతి అయింది.

కాబట్టి పరీక్ష సులభం: అదే 16 బార్లు ఒక వేలితో, తరువాత మూడు వేళ్లతో.

బొటనవేలి పిక్‌తోనే నాలుగు రోజులు పోయాయి. కొన్నది వదులుగా ఉండి మూడో బార్‌కల్లా తిరిగిపోయేది. బిగుతుగా ఉన్నది పది నిమిషాలకు వేలి కొసను ఊదా రంగుకు తెచ్చింది. ప్లాస్టిక్ పిక్‌ను వేడినీళ్లలో ముంచి మెత్తబరచి వంచుకోవచ్చు. మొదటిసారి నీళ్లలోంచి తీసి చల్లారాక వంచబోతే టప్పున విరిగింది. పని చేసిన పద్ధతి:

1. మరిగి దింపిన నీళ్లలో పదిహేను సెకన్లు, పటకారుతో పట్టుకుని.
2. బయటికి తీసిన వెంటనే, వేడి ఉండగానే, బొటనవేలి మందమున్న పెన్ను మీద చుట్టి నొక్కిపెట్టడం.
3. అలాగే పట్టుకుని చల్లనీళ్లలో ముంచడం.
4. ముందుకు పొడుచుకొచ్చే కొసను 3 మి.మీ. అరగదీయడం. పొడవుగా ఉంటే తీగల మధ్య ఇరుక్కుంటుంది.

కొలతలు: బొటనవేలు, ఒక వేలు కలిపి 41.1. బొటనవేలు, మూడు వేళ్లు కలిపి 41.9. ఒక వేలితో తప్పుకు చోటు తక్కువ. ఏ వేలు వాడాలన్న ప్రశ్నే రాదు కాబట్టి చేయి ఆలోచించదు. 120 దాటాక మాత్రం ఒక వేలు అలసిపోతుంది, మూడు వేళ్లకు అప్పుడు అర్థం తెలుస్తుంది. నాకు అంత వేగంతో పని లేదు, ఒక వేలి దగ్గరే ఉండిపోయాను.

ఈ దశలో ఒక విషయం చూసి కూడా వదిలేశాను. ట్రావిస్ ఎడమ బొటనవేలిని మెడ మీదుగా తెచ్చి ఆరో తీగను నొక్కేవారు. పాతకాలపు అలవాటు, గురువులు ఒప్పుకోరు, నాకెందుకు అనుకున్నాను. ఈ మాట గుర్తుంచుకోండి.

నన్ను వేధిస్తున్నది ఆ మిగిలిన 1.1 సెకను. దశ 1 చివర 1.2 ఉండేది. పద్ధతి మార్చినా, గోరు మార్చినా, పిక్ మార్చినా అది కదలడం లేదు.

మొత్తం: 27 గంటలు, 53 రికార్డింగులు, విరిగిన పిక్ 1.

## దశ 4: జాంగో రైన్‌హార్ట్, నేను చేసిన అసలు తప్పు (33 నుంచి 43)

1928లో జాంగో ఉంటున్న బండి ఇంటికి నిప్పంటుకుంది. పద్దెనిమిదేళ్ల వయసు. ఎడమచేతి ఉంగరపు వేలు, చిటికెన వేలు ముడుచుకుపోయి మిగిలాయి. 1934కల్లా పారిస్‌లో వయొలిన్ వాద్యకారుడు స్తెఫాన్ గ్రాపెల్లీతో కలిసి హాట్ క్లబ్ అనే అయిదుగురి వాద్యబృందం నడుపుతున్నారు. ఒంటరి స్వరాల వరుసలు ప్రధానంగా రెండు వేళ్లతోనే వాయించేవారు.

నేను ఉంగరపు వేలినీ చిటికెన వేలినీ మెత్తటి టేపుతో జతగా కట్టేశాను. జి స్వరం మీద మొదలయ్యే రెండు స్థాయిల మేజర్ స్కేలు (స నుంచి స దాకా ఎక్కే స్వరాల వరుస) తీసుకున్నాను. నాలుగు వేళ్లుంటే చేయి రెండో ఫ్రెట్ దగ్గర నుంచి కదలకుండానే ఇది పూర్తవుతుంది. రెండు వేళ్లతో నాకు ఏడుసార్లు చేయి జరపాల్సి వచ్చింది. యాభై ప్రయత్నాల్లో మొదటి రోజు 31 తప్పులు, ఆరో రోజు 19.

విన్నదేమిటంటే, ఆ జరుగుళ్లే ధ్వనిని మార్చేశాయి. ఒకే వేలు ఒక ఫ్రెట్ నుంచి ఇంకో ఫ్రెట్‌కు తీగ విడవకుండా వెళ్లినప్పుడు స్వరాల మధ్య మనవాళ్లు జారు అనే గమకం లాంటిది దానంతటదే వస్తుంది. నాలుగు వేళ్లతో వాయించే చేతికి అది రావాలంటే కావాలని చేయాలి.

ఇప్పుడు తప్పులు. ఒకటి: జాంగో ఆ రెండు వేళ్లను పూర్తిగా వదిలేయలేదు, కార్డ్‌లు (కలిపి మోగించే స్వరాలు) పట్టేటప్పుడు పై తీగల మీద వాడుకునేవారు. నేను కట్టేసింది ఆయన చేయి కాదు, ఆయన గురించి నేను విన్న కథను. రెండు: కట్టేసిన వేళ్లు ఊరుకోవు. అవి లోపల్లోపల బిగుసుకుంటూనే ఉంటాయి. నాలుగో రోజు ముంజేతిలో చిన్న లాగుడు మొదలైంది. నియమం ప్రకారం ఆపాలి. తప్పుల లెక్క తగ్గుతోందని ఆపలేదు. ఆరో రోజు రాత్రి సీసా మూత తిప్పలేకపోయాను.

అయిదు రోజులు గిటారు ముట్టలేదు. పక్కన పెట్టిన పేర్లలోంచి లియో కాట్కీ తిరిగొచ్చింది ఈ రోజుల్లోనే. వేళ్లకు లోహపు పిక్‌లు తొడిగి పన్నెండు తీగల గిటారును ఉరకలెత్తించిన ఆయన, 1980ల తొలినాళ్లలో స్నాయువుల నొప్పి ముదిరి, పిక్‌లు వదిలేసి వేలి కొసలతో కుడిచేతి పద్ధతిని మొదటి నుంచి మార్చుకున్నారు. పేరు తెచ్చిన పద్ధతినే వదులుకోవాల్సి వచ్చింది. నేను వదులుకోవాల్సింది ఒక టేపు ముక్క, అదీ రెండు రోజులు ఆలస్యంగా.

ఈ దశ ఎవరూ చేయకండి. రెండు వేళ్ల వరుస వాయించి చూడాలంటే మిగతా వేళ్లను వదులుగా ఉంచి, రోజుకు పది నిమిషాలు చాలు.

మొత్తం: 32 గంటలు, 61 రికార్డింగులు, సెలవు 5 రోజులు.

## దశ 4½: పదకొండో బార్ (44 నుంచి 46)

చేయి ఆడించకూడదు కాబట్టి ఆ అయిదు రోజులూ పాత రికార్డింగులు తెరుచుకుని కూర్చున్నాను. అంతవరకూ మొత్తం సమయమే కొలిచాను. ఖాళీగా ఉన్నాను కదా అని ఒక్కో బార్ విడివిడిగా గుర్తు పెట్టాను. 96 వేగంలో బార్ 2.50 సెకన్లు ఉండాలి. దశ 3 చివరి రికార్డింగులో పదమూడు బార్లు 2.48కి, 2.54కి మధ్య ఉన్నాయి. 11వ బార్ 3.10. ఆ ఒక్క బార్‌లోనే 0.6 సెకను పోయింది. దాని నుంచి తేరుకోవడానికి 12వ బార్ ఇంకొంచెం తినేసింది.

11వ బార్‌లో ఎఫ్ కార్డ్ ఉంది, దాని మీద ఒకటో తీగ మూడో ఫ్రెట్ స్వరం ఉంది. చూపుడు వేలిని ఆరు తీగల మీదా అడ్డంగా పరిచి ఎఫ్ పట్టుకుంటే చిటికెన వేలు నాలుగో తీగ మీద ఉంటుంది. పాట స్వరం కోసం అది నాలుగో తీగను వదిలి ఒకటో తీగకు ఎగరాలి. అది వెళ్లిన క్షణాన నాలుగో తీగ మీద రావలసిన బాస్‌కు నొక్కే వేలు లేదు. కుడి బొటనవేలు అక్కడికి వచ్చి, తీగ సిద్ధంగా లేకపోవడం చూసి, ఆగుతోంది.

దీనికి సాక్ష్యం కూడా దొరికింది. వేళ్లు కట్టేసుకున్న అయిదో రోజు సరదాకు 16 బార్లూ రికార్డు చేశాను. రెండు వేళ్లే ఉన్నాయి కాబట్టి ఎఫ్‌ను ఎలాగోలా ఎడమ బొటనవేలితో పట్టుకుని, పాట స్వరాన్ని వదిలేశాను. అందులో 11వ బార్ 2.52. ముప్ఫై రోజులుగా కుడి బొటనవేలిని దండిస్తున్నాను. నేరం ఎడమచేతి చిటికెన వేలిది.

ట్రావిస్ పాతకాలపు అలవాటు గుర్తుంచుకోమన్నాను కదా, మందు అదే:

1. ఎడమ బొటనవేలు మెడ పైనుంచి వచ్చి ఆరో తీగ మొదటి ఫ్రెట్ నొక్కాలి.
2. చూపుడు వేలు ఒకటి, రెండు తీగల మొదటి ఫ్రెట్ మీద.
3. మధ్యవేలు మూడో తీగ రెండో ఫ్రెట్, ఉంగరపు వేలు నాలుగో తీగ మూడో ఫ్రెట్.
4. అయిదో తీగ మోగనక్కర్లేదు, బొటనవేలి కొస తాకి మూసేస్తుంది. బాస్ ఆరు, నాలుగు తీగల మధ్య నడుస్తుంది.
5. చిటికెన వేలు ఖాళీ. ఒకటో తీగ మూడో ఫ్రెట్ దానిదే.

నా గిటారు నట్ (మెడ కొసన తీగలు ఆనే గాడుల పట్టీ) వెడల్పు 44.5 మి.మీ., బొటనవేలు అందడం కష్టమే. మోచేతిని పక్కకు చేర్చి, మెడ కొసను ఒక అరచేయి ఎత్తు పైకి లేపితే అందింది. మూడు రోజులకు 11వ బార్ 2.60కి వచ్చింది. మొత్తం 40.4.

చేతులు చిన్నవైతే ఇది అందకపోవచ్చు. అప్పుడు ఆరో తీగను వదిలి, నాలుగు తీగల ఎఫ్ పట్టుకోవడం మేలు.

మొత్తం: 34 గంటలు, 66 రికార్డింగులు.

## దశ 5: డేవీ గ్రాహమ్, మార్చిన శ్రుతి (47 నుంచి 58)

వాక్యం: చేయి కష్టపడేచోట శ్రుతిని మార్చి చూడు.

గ్రాహమ్ 1960ల మొదట్లో మొరాకోలో ఊద్ అనే అరబ్బు తీగవాద్యంతో కలిసి వాయించడానికి దారి వెతుక్కుంటూ డి-ఏ-డి-జి-ఏ-డి శ్రుతికి చేరుకున్నారు. మామూలు శ్రుతిలో ఆరు, రెండు, ఒకటో తీగలను ఒక్కో పూర్తి స్వరం దించితే అది వస్తుంది. డిని షడ్జమం అనుకుంటే తీగలు వరుసగా స, ప, స, మ, ప, స. మేజరా, మైనరా అని తేల్చే గాంధారం లేదు. అందుకే అది మేజరూ కాదు, మైనరూ కాదు. తంబురా విని పెరిగిన చెవికి మొదటి మీటుకే ఇల్లు చేరినట్టుంటుంది. అదే దాని ప్రమాదం కూడా. ఏం మీటినా బాగుంటుంది కాబట్టి రెండు రోజులు ఏమీ నేర్చుకోకుండా మీటుతూ కూర్చున్నాను.

జోనీ మిచెల్ పేరు మళ్లీ తీసుకున్నది ఇక్కడే. తొమ్మిదేళ్ల వయసులో పోలియో వచ్చి, ఎడమచేయి బలహీనపడింది. బరువైన కార్డ్‌లు పట్టడం కంటే తీగలనే వేరే శ్రుతులకు మార్చుకుంటూ పోయారు. పదకొండో బార్‌తో నెల రోజులు కుస్తీ పట్టినవాడికి ఆ తెలివి ఎంతటిదో బాగా తెలుస్తుంది.

వచ్చిన ఇబ్బందులు, లెక్కతో సహా:

ఒక పూర్తి స్వరం దించితే తీగ బిగువు దాదాపు 21 శాతం తగ్గుతుంది. ఆరో తీగ వదులై రెండో ఫ్రెట్ దాకా జరజరమంది. గట్టిగా మీటితే మొదటి క్షణంలో శ్రుతి పైకి లేచి కిందికి దిగుతోంది. ట్యూనర్ ముల్లు తాగినట్టు ఊగింది. మెడ వంపు ఏడో ఫ్రెట్ దగ్గర 0.25 మి.మీ. నుంచి 0.20కి తగ్గింది, అదీ మోతకు ఒక కారణమే.

మెడ వంపు సరిచేసే ట్రస్ రాడ్ (మెడ లోపలి కడ్డీ) తిప్పబోయి ఆగాను. మామూలు శ్రుతికి వెళ్లినప్పుడల్లా మళ్లీ తిప్పాలి. దాని బదులు ఆరో తీగను 53 తీసి 56 వేశాను. మందం వర్గాన్ని బట్టి బరువు 12 శాతం దాకా పెరుగుతుంది, బిగువు తొలినాటి దానిలో 89 శాతానికి తిరిగొచ్చింది. మోత పోయింది. నట్ గాడిలో లావు తీగ బిగుసుకుని, శ్రుతి చేస్తుంటే టిక్కుమని ఎగరడం మొదలైంది. గాడిలో పెన్సిల్ గ్రాఫైట్ పొడి రాస్తే సాఫీ అయింది.

రోజుకు మూడుసార్లు శ్రుతి దించుతూ ఎక్కిస్తూ ఉండడంతో తొమ్మిదో రోజు ఒకటో తీగ ఎక్కించేటప్పుడు తెగింది. తీగ బిగించే బిరడా దగ్గరే, చుట్టు మొదలయ్యే చోట. ఆ తరువాత రోజు విడిచి రోజు ఒకే శ్రుతి.

నా 16 బార్లు ఈ శ్రుతిలో మళ్లీ కట్టుకోవాల్సి వచ్చింది కాబట్టి సమయాలను పాతవాటితో పోల్చడం న్యాయం కాదు. అయినా రాస్తున్నాను: 40.2. ఎఫ్ లేని లోకంలో అందరూ లయజ్ఞులే.

మొత్తం: 43 గంటలు, 80 రికార్డింగులు, తెగిన తీగలు 1.

## దశ 6: మిగిలిన ఇద్దరు (59 నుంచి 67)

మైకేల్ హెడ్జెస్: రెండు చేతులూ మెడ మీదికి వచ్చి తీగలను దెబ్బతో మోగించే పద్ధతి. మూడు రోజుల్లో మానేశాను. ఎడమచేయి మీటు లేకుండా దెబ్బతోనే తీగను మోగించాలంటే నా 2.6 మి.మీ. తీగ ఎత్తు ఎక్కువ. దాన్ని తగ్గిస్తే దశ 5లో పోయిన మోత తిరిగొస్తుంది. దీనికి వేరే గిటారు, వేరే డైరీ కావాలి.

డాక్ వాట్సన్: పసితనంలోనే చూపు పోయింది. 1950లలో ఆయన ఉన్న వాద్య బృందంలో ఫిడేలు వాయించేవారు లేకపోవడంతో ఆ బాణీలను గిటారు మీద పిక్‌తో వాయించడం మొదలుపెట్టారు. పరీక్ష: ఒక్క పిక్, కిందికి, పైకి, కిందికి, పైకి, మినహాయింపు లేకుండా. తీగ మారేచోట నా చేయి రెండుసార్లు కిందికే వెళుతోంది. వంద తీగ మార్పుల్లో 38 సార్లు. ప్రతి తీగ మార్పునూ నాలుగు స్వరాల ముక్కగా కోసి 60 వేగంలో వాయిస్తే ఆరు రోజులకు 11కు తగ్గింది. పిక్ 0.73 నుంచి 1.0 మి.మీ.కి మార్చడం కూడా తోడ్పడింది. పలచటి పిక్ వంగి తిరిగొచ్చేలోపు లయ వెళ్లిపోతోంది.

చివరి రోజు మామూలు శ్రుతికి వచ్చి, తొలినాటి 16 బార్లు మళ్లీ:

బాస్ మాత్రమే 40.1. పాటతో కలిపి 40.3, మొదట 43.4. నూరు నుంచి వెనక్కి లెక్కపెడుతూ 40.8, మొదట 42.6. బాస్ పాట కంటే 1 డెసిబెల్ కింద, మొదట 7 పైన. 11వ బార్ 2.53.

మొత్తం: 49 గంటలు, 90 రికార్డింగులు, తెగిన తీగలు 1, విరిగిన పిక్ 1, పాడుచేసుకున్న ముంజేయి 1.

బార్ల వారీగా చూస్తే ఇప్పుడు అన్నిటికంటే పొడవైనది 7వ బార్, 2.61. అక్కడ ఎఫ్ లేదు, చిటికెన వేలికి పని లేదు, తీగ మార్పు కూడా లేదు. పాట వరస మొత్తంలో నాకు బాగా నచ్చిన రెండు స్వరాలు అక్కడున్నాయి. పాత రికార్డింగులు తిరగేశాను. అరవై ఏడు రోజుల్లో ప్రతిసారీ అక్కడ అంతే ఆగాను. దాన్ని సరిచేయాలో వద్దో ఇంకా తేల్చుకోలేదు.